బాక్ విప్పి ఎఫ్‌మాక్ తొడగడంలో చిక్కులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమైనో ఆమ్లాల నత్రజని అనవసరంగా చర్య జరపకుండా దాన్ని తాత్కాలికంగా కప్పి ఉంచే రక్షక సమూహాల్లో (బాక్, ఎఫ్‌మాక్, సీబీజెడ్ అలాంటివే) ఒకదాన్ని తీసి దాని స్థానంలో మరొకదాన్ని పెట్టడం గురించి ఈసారి ఈ శీర్షికకు ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలు తాను తూచిన ప్రతి బరువునూ రాసి పంపారు కాబట్టి, జరిగిన పొరపాటు ఎక్కడ ఉందో దాదాపు వేలు పెట్టి చూపించడం సాధ్యమైంది. అందుకే దానికి ఎక్కువ చోటు కేటాయించాను. మిగిలిన వాటిలో కొన్నింటికి నాలుగైదు వాక్యాల సమాధానమే సరిపోతుంది.

ప్రశ్న: నేను పెప్టైడ్ల తయారీ మీద పని చేస్తున్న పరిశోధక విద్యార్థినిని. మా దగ్గర బాక్ రూపంలో ఉన్న అరుదైన అమైనో ఆమ్లం ఒకదాన్ని ఘనస్థితి పద్ధతిలో (అమైనో ఆమ్లాల గొలుసైన పెప్టైడ్‌ను రెసిన్ మీద ఒక్కో మెట్టుగా పెంచే పద్ధతి) వాడుకోవడానికి ఎఫ్‌మాక్ రూపంలోకి మార్చవలసి ఉంది. దాని మీద చెయ్యి వేసే ముందు అలవాటు కోసం బాక్-ఫినైల్‌అలనిన్‌తో చేసి చూశాను. 2.65 గ్రాములు, అంటే 10 మిల్లీమోళ్లు, తీసుకుని డైక్లోరోమీథేన్, ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం సమానంగా కలిపిన 20 మిల్లీలీటర్ల మిశ్రమంలో గంట సేపు కలియబెట్టాను. టీఎల్‌సీలో (పలుచటి పొర మీద పదార్థాలను మచ్చలుగా విడదీసి చూసే పరీక్షలో) బాక్ పదార్థం పూర్తిగా పోయింది. రోటావాప్ (ద్రావణిని శూన్యంలో ఆవిరి చేసే పరికరం) మీద ఆవిరి చేయగా 3.9 గ్రాముల చిక్కటి నూనె మిగిలింది. దాన్ని డైఆక్సేన్, నీరు మిశ్రమంలో కరిగించి, మూడు ఈక్వివలెంట్ల (అంటే అమైనో ఆమ్లపు మోళ్లకు మూడు రెట్ల) సోడియం బైకార్బనేట్ (2.52 గ్రాములు), ఎఫ్‌మాక్‌ను తొడిగే కారకమైన ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ ఒక ఈక్వివలెంటు (3.37 గ్రాములు) వేసి రాత్రంతా ఉంచాను. చివరికి 1.5 గ్రాముల జిగురు పదార్థం మాత్రమే వచ్చింది. అంటే 39 శాతం. టీఎల్‌సీలో ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ ఇంకా కనిపిస్తూనే ఉంది, కప్పు లేని అమైన్‌ను రంగుతో చూపించే నిన్‌హైడ్రిన్ చల్లితే అడుగున ఊదా రంగు మచ్చ కూడా వచ్చింది. కారకం పాతబడిందనీ కొత్త సీసా తెప్పించమనీ ప్రయోగశాలలోని పెద్దలు అంటున్నారు. లోపం నిజంగా కారకానిదేనా?

జవాబు: కారకానిది కాదని మీ ఉత్తరంలోని ఒక్క అంకె చెబుతోంది: 3.9 గ్రాములు.

బాక్ సమూహం పోయాక మీ గిన్నెలో మిగలవలసింది ఫినైల్‌అలనిన్ ట్రైఫ్లోరోఎసిటేట్ లవణం. దాని అణుభారం 279. 10 మిల్లీమోళ్లకు 2.79 గ్రాములు. మీకు వచ్చినది అంతకన్నా 1.1 గ్రాములు ఎక్కువ. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి అది ముందే వెళ్లిపోయి ఉంటుంది. 72 డిగ్రీల దగ్గర మరిగే ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం మాత్రం ఇలాంటి చిక్కటి నూనెను అంత సులభంగా వదిలిపెట్టదు. ఆ 1.1 గ్రాములను దాని అణుభారం 114తో భాగిస్తే 9.7 మిల్లీమోళ్లు వస్తుంది. అంటే మీరు లవణం అనుకున్న నూనెలో లవణంతో పాటు దాదాపు దానికి సమానమైన మోళ్లలో విడి ఆమ్లం ఉంది.

ఇప్పుడు క్షారం ఎక్కడెక్కడ ఖర్చయిందో చూద్దాం. మీరు వేసిన బైకార్బనేట్ 30 మిల్లీమోళ్లు. ఆమ్లాల్లో బలమైనది ముందుగా క్షారాన్ని తీసుకుంటుంది కాబట్టి, మొదటి 9.7 మిల్లీమోళ్లు మిగిలిపోయిన ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లానికే పోయాయి. తరువాత 10 మిల్లీమోళ్లు అమైనో ఆమ్లపు కార్బాక్సిల్ సమూహానికి పోయాయి. మిగిలినవి 10.3. ఇక్కడి నుంచి ఒక్కో అణువు మీద ఎఫ్‌మాక్ చేరడానికి రెండు క్షారపు అణువులు కావాలి: అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజని మీది ప్రోటాన్‌ను తీయడానికి ఒకటి, చర్యలో విడుదలయ్యే ఎన్-హైడ్రాక్సీసక్సినిమైడ్ కూడా బలహీనమైన ఆమ్లమే కాబట్టి దానికొకటి. 10.3ను రెండుతో భాగిస్తే 5 మిల్లీమోళ్లకు కొంచెం పైన. కాబట్టి చర్య దాదాపు సగం జరిగేసరికి క్షారం అయిపోయింది. మిగిలిన అమైన్ ప్రోటాన్ తగిలించుకుని రాత్రంతా కదలకుండా కూర్చుంది. శుద్ధిలో పోయినది పోగా మీ చేతికి వచ్చిన 39 శాతం ఈ లెక్కకు సరిగ్గా అతుకుతుంది. టీఎల్‌సీలో మిగిలిన కారకం, నిన్‌హైడ్రిన్‌కు వచ్చిన ఊదా మచ్చ, రెండూ కలిసి చెబుతున్నదీ ఇదే: ఎదురెదురుగా ఉండి కూడా రెండు పదార్థాలు చర్య జరపలేదు. కారకం పాడైపోయి ఉంటే టీఎల్‌సీలో దాని మచ్చ ఉండవలసిన చోట అది విరిగితే వచ్చే ఫ్లోరినైల్‌మెథనాల్, డైబెంజోఫుల్వీన్ మచ్చలు కనిపించేవి. అయినా అనుమానం ఉంటే ద్రవీభవన స్థానం చూడండి. శుద్ధమైన ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ సుమారు 150 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది.

మూడు ఈక్వివలెంట్లు అన్న మీ లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క శుద్ధమైన లవణానికి వేసినది, గిన్నెలో ఉన్నది శుద్ధమైన లవణం కాదు, అంతే తేడా. ఒక రక్షక సమూహాన్ని మార్చడాన్ని మనం విప్పడం, తొడగడం అనే రెండు పనులుగా చెప్పుకుంటాం గాని, నిజానికి వాటి మధ్య మూడో పని ఒకటి ఉంది: విప్పడానికి వాడిన దాన్ని గిన్నెలోంచి పూర్తిగా సాగనంపడం. పుస్తకాల్లోని బాణం గుర్తు మీద ఒకటి, రెండు అని అంకెలు వేసి చూపించే పథకంలో ఈ మధ్య పని కనిపించదు. నేను చూసినంత వరకు సమూహాల మార్పిడిలో చెడిపోయే ప్రయోగాల్లో ఎక్కువ భాగం అక్కడే చెడిపోతాయి.

దీనికి మందు రెండు విధాలు. మొదటిది ఆమ్లాన్ని నిజంగా తొలగించడం. ఆవిరి చేశాక మిగిలిన నూనెలో 20 మిల్లీలీటర్ల టోల్యూన్ పోసి మళ్లీ ఆవిరి చేయండి; ఇలా రెండు మూడు సార్లు చేస్తే ఆమ్లం టోల్యూన్‌తో పాటు చాలా వరకు పోతుంది. తరువాత చల్లటి ఈథర్ పోసి గాజు కడ్డీతో రుద్దితే చాలా లవణాలు తెల్లటి పొడిగా మారతాయి. ఆ పొడిని వడకట్టి, శూన్యంలో ఆరబెట్టి, తప్పకుండా తూచండి. బరువు 2.8 గ్రాములకు దగ్గరగా వచ్చే దాకా తరువాతి మెట్టు ఎక్కకండి. ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లానికి బదులు డైఆక్సేన్‌లో 4 మోలార్ హైడ్రోజన్ క్లోరైడ్ వాడితే పని ఇంకా సుళువు, ఎందుకంటే అక్కడ అదనపు ఆమ్లం వాయువే. హైడ్రోక్లోరైడ్ లవణం చాలాసార్లు తనంతట తానే అవక్షేపంగా దిగుతుంది. ఫినైల్‌అలనిన్ హైడ్రోక్లోరైడ్ 10 మిల్లీమోళ్లకు 2.02 గ్రాములు.

రెండో మందు ఈక్వివలెంట్లను నమ్మకుండా పీహెచ్‌ను నమ్మడం. నా మట్టుకు నేను మొదటిదాన్ని చేసినా రెండోదాన్ని మానను. ఫినైల్‌అలనిన్ అమ్మోనియం సమూహపు పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌ను వదిలేసే పీహెచ్) సుమారు 9.1. పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక్క అణువు కూడా స్వేచ్ఛగా ఉన్న అమైన్ రూపంలో ఉండదు, 8 దగ్గర 7 శాతం ఉంటుంది, 9 దగ్గర 44 శాతం ఉంటుంది. బైకార్బనేట్ ఒక్కదానితో సాధారణంగా 8 దాటి కొంచెమే పైకి వెళ్తాం, కాబట్టి చర్య నెమ్మదిగా సాగుతుంది. అందువల్ల 10 శాతం సోడియం కార్బనేట్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోస్తూ, పీహెచ్ కాగితం మీద 8.5 నుంచి 9 మధ్య రంగు వచ్చే దాకా తీసుకురండి. ఆమ్లం ఎక్కువగా ఉంటే కార్బన్ డయాక్సైడ్ నురగలు కక్కుతుంది కాబట్టి గిన్నె పెద్దదిగా ఉండాలి, మూత బిగించకూడదు. మంచు నీటిలో ఉంచి, ఎఫ్‌మాక్-ఓఎస్‌యూను డైఆక్సేన్‌లో కరిగించి మెల్లగా పోయండి. అరగంటకొకసారి పీహెచ్ చూసి, దిగిపోతే మళ్లీ కార్బనేట్ వేయండి. అయితే 10 దాటనివ్వకండి, ఎందుకంటే ఎఫ్‌మాక్ క్షారంతోనే విడిపోయే సమూహం. ఒక పక్క తొడుగుతూ మరో పక్క విప్పుకోవడం ఎవరికీ లాభం కాదు.

కారకాన్ని ఒక ఈక్వివలెంటు కన్నా కాస్త తక్కువగా, 0.95 వరకు, వాడడం మంచిది. మిగిలిపోయిన అమైనో ఆమ్లం చివర్లో నీటి పొరలోనే ఉండిపోతుంది, మిగిలిపోయిన కారకాన్ని వదిలించుకోవడం మాత్రం చాకిరీ. చర్య ముగిశాక నీళ్లు పోసి, క్షార స్థితిలోనే ఈథర్‌తో రెండు సార్లు కడిగితే కారకపు అవశేషాలు పోతాయి. ఎఫ్‌మాక్ అమైనో ఆమ్లాల సోడియం లవణాలు సబ్బులాగా ప్రవర్తించి పొరలను కలిపేయడం కద్దు. అప్పుడు గట్టిగా ఊపకుండా గరాటును మెల్లగా తిప్పండి, ఈథర్ పొరను ఒకసారి నీటితో తిరిగి కడిగి ఆ నీటిని అసలు దానిలో కలపండి. తరువాత సిట్రిక్ ఆమ్లంతో గాని పొటాషియం బైసల్ఫేట్‌తో గాని పీహెచ్ 2 నుంచి 3కు దించి, ఇథైల్ ఎసిటేట్‌లోకి లాగండి. చివరికి జిగురుగా మిగిలితే ఖంగారు పడకండి, అందులో ఇథైల్ ఎసిటేట్ చిక్కుకుని ఉండవచ్చు. కొంచెం ఇథైల్ ఎసిటేట్‌లో వేడిగా కరిగించి, మబ్బు పట్టే దాకా హెక్సేన్ చేర్చి, ఓపికగా వదిలేస్తే ఎఫ్‌మాక్-ఫినైల్‌అలనిన్ చక్కటి స్ఫటికాలు ఇస్తుంది. మొత్తం దిగుబడికి సైద్ధాంతిక గరిష్ఠం 3.87 గ్రాములు.

ఎఫ్‌మాక్ క్లోరైడ్ మరింత చురుకైనది కదా, దాన్ని వాడితే త్వరగా అయిపోతుంది కదా అని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. ఆ చురుకుదనమే దాని లోపం. అది నత్రజనితోనే కాక కార్బాక్సిలేట్‌తో కూడా చర్య జరిపి మిశ్రమ అన్‌హైడ్రైడ్‌ను ఇస్తుంది. దాని మీద మరో అమైనో ఆమ్లం దాడి చేస్తే మీకు తెలియకుండానే కొంత ఎఫ్‌మాక్ డైపెప్టైడ్ తయారవుతుంది. అలాంటి కల్తీ ఉన్న పదార్థాన్ని పెప్టైడ్ తయారీలో వాడితే ఒక అమైనో ఆమ్లం రెండు సార్లు చేరిన గొలుసు వస్తుంది. దాన్ని చివర్లో వేరు చేయడం కన్నా మొదట్లోనే రాకుండా చూసుకోవడం మేలు.

ఇక మీ అరుదైన అమైనో ఆమ్లం దగ్గరకు వస్తే, దాని పక్క గొలుసులో ఏముందో ముందుగా చూసుకోండి. టర్షియరీ బ్యూటైల్ ఈథర్, టర్షియరీ బ్యూటైల్ ఎస్టర్, ట్రైటైల్ సమూహాలు ఉంటే అవి కూడా బాక్‌తో పాటే రాలిపోతాయి. ఇండోల్ గాని సల్ఫర్ గాని ఉంటే, బాక్ నుంచి వెలువడే టర్షియరీ బ్యూటైల్ కార్బోకాటయాన్ వాటికి అంటుకోకుండా అనిసోల్ లేదా ట్రైఇథైల్‌సైలేన్ వంటి దాన్ని ఎరగా వేయాలి.

ప్రశ్న: మాది దీనికి తలకిందుల సమస్య. ఎఫ్‌మాక్-అమైనో ఆమ్లాన్ని డీఎంఎఫ్ అనే ద్రావణిలో 20 శాతం పిపెరిడిన్‌తో విప్పి, అదే గిన్నెలో బాక్‌ను తొడిగే కారకమైన బాక్ అన్‌హైడ్రైడ్ వేశాను. కావలసిన పదార్థానికి బదులు రంగులేని నూనె ఎక్కువగా వచ్చింది. ఎన్ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్లను శిఖరాలుగా చూపించే పరీక్షలో) బాక్ సమూహపు 9 ప్రోటాన్ల శిఖరం మాత్రం బాగానే ఉంది.

జవాబు: మీరు బాక్ తొడిగారు, కాకపోతే పిపెరిడిన్‌కు తొడిగారు. పిపెరిడిన్ సెకండరీ అమైన్. బాక్ అన్‌హైడ్రైడ్‌కు మీ అమైనో ఆమ్లం కన్నా అదే ముందు కనిపిస్తుంది, పైగా మీ గిన్నెలో అది పదుల రెట్లు ఎక్కువగా ఉంది. ఆ నూనె ఎన్-బాక్-పిపెరిడిన్ అయి ఉంటుంది.

ఘనస్థితి పద్ధతిలో పిపెరిడిన్ ఇంత పేరు తెచ్చుకోవడానికి కారణం వేరు. ఎఫ్‌మాక్ విడిపోయినప్పుడు పుట్టే డైబెంజోఫుల్వీన్‌ను అది వెంటనే పట్టేసుకుంటుంది, రెసిన్‌ను కడిగితే రెండూ కలిసి పోతాయి. ద్రావణంలో చేసే పనికి ఆ కడిగే సౌకర్యం లేదు. అందువల్ల డీఎంఎఫ్‌కు బదులు ఎసిటోనైట్రైల్‌నూ, పిపెరిడిన్‌కు బదులు డైఇథైల్‌అమైన్‌నూ వాడండి. పిపెరిడిన్ 106 డిగ్రీల దగ్గరా డీఎంఎఫ్ 153 డిగ్రీల దగ్గరా మరిగితే, డైఇథైల్‌అమైన్ 55 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. రోటావాప్ మీద తీసేశాక మిగిలిన దానిని నీటితో కలిపి, ఈథర్‌తో కడగండి: డైబెంజోఫుల్వీన్ ఈథర్‌లోకి పోతుంది, అమైనో ఆమ్లం జ్విట్టర్ అయాన్‌గా (ధన, రుణ ఆవేశాలు రెండూ ఉన్న రూపంలో) నీటిలో ఉంటుంది. నీటిలో సరిగ్గా కరగని అమైనో ఆమ్లమైతే కొంచెం సోడియం హైడ్రాక్సైడ్ వేసి కరిగించండి, ఎటూ తరువాతి మెట్టుకు అది కావలసిందే. ఆ నీటి పొరలోనే డైఆక్సేన్, బాక్ అన్‌హైడ్రైడ్ చేర్చండి. బాక్‌కు క్షారమంటే భయం లేదు కాబట్టి ఇక్కడ పీహెచ్ 9.5 నుంచి 10 వరకు ఉన్నా ఫరవాలేదు.

ఒకే గిన్నెలో చేయాలన్న పట్టుదల ఉంటే పొటాషియం ఫ్లోరైడ్, ట్రైఇథైల్‌అమైన్ జంటతో ఎఫ్‌మాక్‌ను విప్పే మార్గం ఉంది. ఫ్లోరైడ్ గాని టర్షియరీ అమైన్ గాని బాక్‌ను తమకు తొడుగుకోలేవు కాబట్టి అక్కడే బాక్ అన్‌హైడ్రైడ్ ఉంచినా పోటీ ఉండదు. బాక్ అన్‌హైడ్రైడ్ ఆవిరి పీల్చడం చాలా ప్రమాదకరమన్నది మాత్రం గుర్తుంచుకోండి. అది సుమారు 23 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి సీసా మూత తీసేది ఫ్యూమ్ హుడ్‌లోనే కావాలి.

ప్రశ్న: సీబీజెడ్ ఉన్నచోట బాక్ పెట్టడానికి హైడ్రోజనీకరణ, బాక్ అన్‌హైడ్రైడ్ రెండూ ఒకేసారి చేయవచ్చా?

జవాబు: నిశ్చింతగా చేయవచ్చు. సమూహాల మార్పిడిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే పైన చెప్పిన సాగనంపే పని ఇక్కడ దాదాపు లేదు. పల్లాడియం కార్బన్ మీద హైడ్రోజన్‌తో సీబీజెడ్ విడిపోతే వచ్చేవి టోల్యూన్, కార్బన్ డయాక్సైడ్. రెండూ ఎవరికీ అడ్డురావు. బాక్ అన్‌హైడ్రైడ్‌ను హైడ్రోజన్ ముట్టుకోదు. అమైన్ బయటపడిన క్షణాన్నే బాక్ తొడుక్కుంటుంది, దానివల్ల స్వేచ్ఛగా ఉన్న అమైన్ ఉత్ప్రేరకాన్ని మందగింపజేసే ఇబ్బంది కూడా తగ్గుతుంది.

మినహాయింపులు ఉన్నాయి. మెథియోనిన్, సిస్టీన్‌లలోని సల్ఫర్ పల్లాడియానికి విషం. బెంజైల్ ఎస్టర్, బెంజైల్ ఈథర్ ఉంటే అవీ పోతాయి. ద్విబంధాలు, నైట్రో సమూహాలు కూడా హైడ్రోజన్‌ను తీసుకుంటాయి. బాక్‌కు బదులు ఎఫ్‌మాక్ కావాలంటే ఈ ఒకే గిన్నె పద్ధతిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఎఫ్‌మాక్ కూడా హైడ్రోజనీకరణకు మెల్లగా లొంగుతుంది. ముందు విప్పి, ఉత్ప్రేరకాన్ని వడకట్టి, ఆ తరువాతే తొడగండి. వడకట్టిన పల్లాడియాన్ని కాగితం మీద ఎండనివ్వకూడదు. మెథనాల్ తడితో ఉన్నప్పుడు గాలి తగిలితే నిప్పు అంటుకుంటుంది. నీటితో తడిపి వేరే డబ్బాలో దాచాలి.

ప్రశ్న: ఆల్ఫా నత్రజని మీద బాక్, పక్క గొలుసు నత్రజని మీద ఎఫ్‌మాక్ ఉన్న లైసిన్ మా దగ్గర ఉంది. మాకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఆల్ఫా మీద ఎఫ్‌మాక్, పక్క గొలుసు మీద బాక్. రెండిటినీ తారుమారు చేయడం ఎలా?

జవాబు: చేయవచ్చు, కానీ చేయకండి. బాక్ విప్పి ఆ చోట ఎఫ్‌మాక్ పెడితే రెండు నత్రజనుల మీదా ఎఫ్‌మాక్ అవుతుంది. అప్పుడు ఒకదాన్ని మాత్రమే విప్పే దారి లేదు. ఎఫ్‌మాక్‌తో మొదలుపెట్టినా ఇదే కథ, రెండు చోట్లా బాక్ అవుతుంది. రెండు గిన్నెల్లోని ద్రవాలను ఒకదానిలోనిది మరొకదానిలోకి మార్చాలంటే మూడో గిన్నె కావలసినట్టే, ఇక్కడ మూడో రక్షక సమూహం కావాలి. బాక్ విప్పి సీబీజెడ్ తొడగాలి, ఎఫ్‌మాక్ విప్పి బాక్ తొడగాలి, హైడ్రోజన్‌తో సీబీజెడ్ విప్పి ఎఫ్‌మాక్ తొడగాలి. ఆరు పనులు, ఆరు చోట్ల నష్టం. ఒక్కో పనిలో 90 శాతం వచ్చినా చివరికి మిగిలేది 53 శాతం.

మామూలు లైసిన్ హైడ్రోక్లోరైడ్‌తో మొదలుపెడితే మూడు పనుల్లో అయిపోతుంది. లైసిన్‌కు రాగి లవణం కలిపితే ఆల్ఫా నత్రజని, కార్బాక్సిలేట్ రెండూ కలిసి రాగిని అయిదు పరమాణువుల వలయంలో బంధిస్తాయి. ఒక్కో రాగి అయాన్‌కు రెండు లైసిన్‌లు, ద్రావణం ముదురు నీలం. పక్క గొలుసు నత్రజని అంత దూరాన ఉండడంతో రాగి దాన్ని పట్టుకోలేదు. ఇక బాక్ అన్‌హైడ్రైడ్ వేస్తే అది వెళ్లేది ఆ ఒక్క నత్రజని మీదకే. బాక్ చేరిన రాగి సంక్లిష్టం నీటిలో కరగక లేత నీలి పొడిగా దిగుతుంది కాబట్టి వడకట్టి కడిగితే శుద్ధి కూడా అయిపోతుంది. ఆ రాగిని ఈడీటీఏతో గాని 8-హైడ్రాక్సీక్వినోలిన్‌తో గాని లాగేసి, ఆల్ఫా నత్రజని మీద ఎఫ్‌మాక్-ఓఎస్‌యూతో ఎఫ్‌మాక్ తొడగండి. రాగి నిజానికి ఒక తాత్కాలిక రక్షక సమూహం, అదీ ఒకేసారి రెండు సమూహాలను కాపాడేది. పాఠ్య పుస్తకాల రక్షక సమూహాల పట్టికల్లో దానికి చోటు ఎందుకు దక్కదో నాకు అర్థం కాదు. నీలం రంగు పూర్తిగా పోకుండా తరువాతి మెట్టుకు వెళ్లవద్దు.

ప్రశ్న: విప్పడం, తొడగడంలో అమైనో ఆమ్లపు కైరాలిటీ (కుడి, ఎడమ చేతుల్లాంటి రెండు రూపాల్లో ఒకటిగానే ఉండడం) చెడిపోదా? దీనికి ప్రత్యేకంగా జాగ్రత్తలు తీసుకోవాలా?

జవాబు: కార్బాక్సిల్ సమూహం స్వేచ్ఛగా ఉన్నంత వరకు మామూలు అమైనో ఆమ్లాలకు ఆ భయం దాదాపు లేదు. రేసిమీకరణ, అంటే ఆ రెండు రూపాలూ కలగలిసిపోవడం, ముఖ్యంగా జరిగేది కార్బాక్సిల్‌ను ఉత్తేజపరచి పెప్టైడ్ బంధం కట్టేటప్పుడు. ఆ దశలో కూడా బాక్, సీబీజెడ్, ఎఫ్‌మాక్ వంటి కార్బమేట్ సమూహాలు రేసిమీకరణకు దారి తీసే ఆక్సజోలోన్ వలయం ఏర్పడడాన్ని తగ్గించి కాపాడతాయి. ఫినైల్‌గ్లైసిన్ మాత్రం వేరే జాతి. దాని ఆల్ఫా ప్రోటాన్ బెంజీన్ వలయం పక్కనే ఉంది కాబట్టి క్షారంలో ఎక్కువ సేపు ఉంచకూడదు. కార్బాక్సిల్ ఎస్టర్‌గా ఉంటే రేసిమీకరణ కన్నా ముందు మరో ప్రమాదం పొంచి ఉంటుంది. డైపెప్టైడ్ మిథైల్ ఎస్టర్ మీది ఎఫ్‌మాక్‌ను విప్పగానే స్వేచ్ఛగా ఉన్న అమైన్ తన ఎస్టర్‌నే కొరికి డైకీటోపైపరజిన్ వలయంగా మూసుకుపోవచ్చు, ప్రోలిన్ ఉంటే మరీ సులభంగా. అలాంటి వాటిని స్వేచ్ఛా అమైన్‌గా రాత్రంతా ఉంచకుండా లవణంగానే దాచి, తొడిగే క్షణంలోనే క్షారం వేయండి.

ప్రశ్న: ఈ రక్షక సమూహాలను ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు? అవి లేనప్పుడు పెప్టైడ్లు ఎలా చేసేవారు?

జవాబు: ఎమిల్ ఫిషర్ 1901లో గ్లైసైల్‌గ్లైసిన్‌ను ప్రకటించిన కాలంలో నత్రజనిని కప్పడానికి తెలిసిన సమూహాలు ఉండేవి గాని, వాటిని తీయబోతే పెప్టైడ్ బంధం కూడా తెగిపోయేది. తొడగడం తెలుసు, విప్పడం తెలియదు. మాక్స్ బెర్గ్‌మన్, లియోనిడాస్ జెర్వాస్ 1932లో సీబీజెడ్‌ను తెచ్చాక ఆ అడ్డంకి తొలగింది. విన్సెంట్ డు విగ్నో బృందం 1953లో ఆక్సిటోసిన్ హార్మోన్‌ను తయారు చేయగలగడం వెనుక ఈ రకం సమూహాలే ఉన్నాయి. ఆయనకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. బాక్ 1957 నాటిది. ఎఫ్‌మాక్‌ను లూయిస్ కార్పినో, గ్రేస్ హాన్ 1970లో ప్రకటించారు. ఈ మధ్యలో 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ ఘనస్థితి పద్ధతిని ప్రవేశపెట్టి, 1984లో నోబెల్ అందుకున్నారు. ఆమ్లంతో పోయేది బాక్, క్షారంతో పోయేది ఎఫ్‌మాక్, హైడ్రోజన్‌తో పోయేది సీబీజెడ్; ఒకదాన్ని విప్పే పద్ధతి మరొకదాన్ని కదిలించకూడదన్న ఈ ఆలోచనకు ఆర్థోగోనల్ అన్న పేరు పెట్టింది జార్జ్ బరానీ, మెరిఫీల్డ్, 1977లో. మీరు ఇవాళ ఒక సమూహాన్ని మార్చవలసి వస్తోందంటే కారణం చాలావరకు ఇదే: చేతిలో ఉన్న పదార్థం మీద ఉన్న సమూహం, మీరు అనుసరించబోయే పద్ధతి వరుసలో ఇమడదు.

ప్రశ్న: సీబీజెడ్-ప్రోలిన్‌ను బాక్-ప్రోలిన్‌గా మార్చాను. టీఎల్‌సీలో ఒకటే మచ్చ, కానీ ఎన్ఎంఆర్‌లో చాలా శిఖరాలు జంటలుగా కనిపిస్తున్నాయి. రెండు పదార్థాలు కలిసిపోయాయా?

జవాబు: కలిసిపోలేదు. కార్బమేట్‌లోని నత్రజని, కార్బొనైల్ కార్బన్ మధ్య బంధం పాక్షికంగా ద్విబంధం లాంటిది కాబట్టి ఎన్ఎంఆర్ కొలిచే వేగానికి అది నెమ్మదిగా తిరుగుతుంది. నత్రజని మీద హైడ్రోజన్ లేని ప్రోలిన్‌లో ఆ రెండు భంగిమలూ దాదాపు సమానంగా ఉండి, వేర్వేరు శిఖరాలుగా కనిపిస్తాయి. వాటిని రోటమర్లు అంటారు. అదే నమూనాను డ్యుటీరియం చేర్చిన డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి 60 నుంచి 80 డిగ్రీల దగ్గర మళ్లీ తీయించండి. జంటలు దగ్గరకు జరిగి వెడల్పయి, ఒక్కటిగా కలిసిపోవడం మొదలైతే అవి రోటమర్లే; కల్తీ అయితే ఎంత వేడి చేసినా రెండు శిఖరాలూ ఎక్కడివక్కడే ఉంటాయి. సీబీజెడ్ ఏమైనా మిగిలిందేమో తెలుసుకోవడానికి మాత్రం జంటల జోలికి పోనక్కరలేదు, 7.3 దగ్గర బెంజీన్ వలయపు శిఖరం, 5.1 దగ్గర బెంజైల్ శిఖరం ఉన్నాయో లేవో చూస్తే చాలు.